కంటి డాక్టరు, కళ్ళజోళ్ళ కొట్టు, మధ్యలో ప్లాను

నవంబరు వచ్చిందంటే అమెరికాలో పనిచేసే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్. మెడికల్ ప్లాన్ల గురించైతే స్ప్రెడ్‌షీట్లు వేసి మరీ వాదించుకుంటారు. డిడక్టిబుల్ ఎంత, హెచ్‌ఎస్‌ఏలో ఎంత వెయ్యాలి, డెలివరీ ఉంటే ఏది నయం... విజన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం అంతా నిశ్శబ్దం. నెలకి ఓ పది డాలర్లు పోతే పోయాయని టిక్కు పెట్టేసి ముందుకెళ్ళిపోతారు. మన వృత్తిలో కళ్ళజోడు లేని మొహం కనపడటమే అరుదు కాబట్టి టిక్కు పెట్టనివాళ్ళు కూడా తక్కువే. నేనూ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ పెడుతూనే ఉన్నాను. ఈ మధ్య ఆ టిక్కు వెనక ఏముందా అని తవ్వడం మొదలుపెడితే డెబ్భై ఏళ్ళ తగాదా ఒకటి బయటపడింది. మన కోడ్‌బేసుల్లో ఉండే పాత కామెంట్ల లాగా, ప్రతి వింత నిబంధన వెనకా ఎప్పుడో ఎవరో పోట్లాడుకున్న చరిత్ర ఉంది.

ముందుగా ఒక మాట. అసలు దీన్ని ఇన్సూరెన్స్ అనడమే నాకు నచ్చదు. ఇన్సూరెన్స్ అంటే వస్తుందో రాదో తెలియని కష్టం కోసం పదిమందీ కలిసి వేసుకునే చందా. సైటు ఉన్నవాడికి ఏడాదికో రెండేళ్ళకో కొత్త అద్దాలు కావాలన్నది తెలియని కష్టమేమీ కాదు కదా. సైటు లేనివాడు ప్లాను తీసుకోడు. పైగా గ్లాకోమా, షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం లాంటి నిజమైన కష్టాలొస్తే చూసేది మెడికల్ ఇన్సూరెన్సే, విజన్ ప్లాను కాదు. కాబట్టి ఇది ముందే డబ్బు కట్టి కొనుక్కునే డిస్కౌంటు కూపను. అలా అనుకున్నాక అసలు ప్రశ్న మిగుల్తుంది. ఆ డిస్కౌంటు ఎవరి జేబులోంచి వస్తోంది? చాలావరకు ప్లాను కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన డాక్టరు జేబులోంచి. కథంతా ఆ కాంట్రాక్టు గురించే.

పాత్రల పరిచయం చేసేస్తాను. అమెరికాలో కంటికి ముగ్గురున్నారు. ఆపరేషన్లు చేసే ఎండీ డాక్టరు ఆఫ్తల్మాలజిస్టు. సైటు చూసి, కొన్ని జబ్బులకి మందులిచ్చి, పవరు రాసిచ్చేవాడు ఆప్టోమెట్రిస్టు. ఆ చీటీ ప్రకారం అద్దాలు చేసి అమ్మేవాడు ఆప్టీషియను. మనం "ఐ డాక్టర్" దగ్గరికెళ్ళామంటే నూటికి తొంభైసార్లు మధ్యవాడి దగ్గరికే. ఈ మధ్యవాడి పుట్టుకే ఓ తగాదాతో జరిగింది. 1890లలో న్యూయార్కులో చార్లెస్ ప్రెంటిస్ అనే కళ్ళజోళ్ళ నిపుణుడు, అద్దాల ధర కాక, కళ్ళు పరీక్షించినందుకు విడిగా 3 డాలర్లు ఫీజు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఫీజు తీసుకునే హక్కు వైద్యులకే ఉందని కంటి వైద్యులు కస్సుమన్నారు. ఆ గొడవలోంచే ఆప్టోమెట్రీ ఒక విడి వృత్తిగా నిలబడింది. 1901లో మిన్నెసోటా మొదటి లైసెన్సు చట్టం చేసింది, 1924కల్లా అన్ని రాష్ట్రాలూ చేసేశాయి.

వృత్తి గుర్తింపు రాగానే ఈ కొత్త డాక్టర్లు చేసిన మొదటి పని తమకి కిందనున్నవాడి మీద తలుపు వెయ్యడం. (మానవనైజం. రైలు పెట్టెలోకి ఎక్కేదాకా ఒక మాట, ఎక్కాక ఇంకో మాట.) 1953లో ఓక్లహోమా ఒక చట్టం చేసింది. డాక్టరు చీటీ లేకుండా ఆప్టీషియను పగిలిన అద్దం ముక్కని కొలిచి అలాంటిదే ఇంకోటి చేసి బిగించడానికి కూడా వీల్లేదు. కళ్ళజోళ్ళ ఫ్రేములకి ప్రకటనలివ్వకూడదు. సరుకులమ్మే దుకాణంలో కంటి డాక్టరుకి గది అద్దెకివ్వకూడదు. లీ ఆప్టికల్ అనే కంపెనీ కోర్టుకెళ్ళింది. 1955లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని పూర్తిగా సమర్థించింది. ఇది చాలా సందర్భాల్లో అనవసరమైన, దండగమారి నిబంధనే కావచ్చు, కానీ మంచిచెడ్డలు తూచుకోవాల్సింది శాసనసభ, మేం కాదు అన్నది తీర్పు సారం. అమెరికాలో లా చదివే ప్రతివాళ్ళూ ఇప్పటికీ ఈ కేసు చదువుతారు, వ్యాపార నియంత్రణ విషయంలో కోర్టులు ఎంత వెనక్కి తగ్గుతాయో చెప్పడానికి. నాకు మాత్రం అందులో ఆ గది అద్దె విషయమే ఆసక్తిగా అనిపించింది. పరీక్ష చేసేవాడికీ సరుకమ్మేవాడికీ మధ్య గోడ ఉండాలి, లేకపోతే కొట్టువాడికి లాభం వచ్చేలా డాక్టరు చీటీ రాస్తాడు. అదీ భయం. భయంలో అర్థం ఉంది. ఈ గోడని గుర్తుపెట్టుకోండి.

అదే 1955లో, అటు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో కొంతమంది ఆప్టోమెట్రిస్టులు కలిసి లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టుకున్నారు. మనలో సగంమంది పర్సుల్లో కార్డుగా ఉన్న వీఎస్‌పీ అదే. అప్పట్లో గాలి అలా వీస్తోంది. రెండో ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం జీతాలకి కళ్ళెం వేసినా ఆరోగ్య సదుపాయాలని వదిలేసింది, 1954 పన్ను చట్టం కంపెనీలు కట్టే ఆరోగ్య బీమా మీద ఉద్యోగికి పన్ను లేదని ఖాయం చేసింది. కాలిఫోర్నియా వైద్యులు 1939లోనే సొంత ప్లాను పెట్టుకున్నారు, బ్లూ షీల్డ్ అన్నది అక్కడ మొదలైందే. పశ్చిమ తీరంలో ఓడరేవు కార్మికుల యూనియన్ 1954లో పిల్లల పళ్ళకి ప్లాను తెచ్చుకుంది. ఇహ కళ్ళ డాక్టర్లు ఊరుకుంటారా? యూనియన్లతో, కంపెనీలతో మూకుమ్మడిగా బేరమాడి రోగుల్ని తెచ్చుకుందామన్నది ఆలోచన. అంటే మొదట్లో ప్లాను డాక్టర్ల మీద పెత్తనం చేసే సంస్థ కాదు. అది డాక్టర్ల సొంత సహకార సంఘం. మన పాల సంఘం లాంటిదనుకోండి.

1965లో మెడికేర్ వచ్చినప్పుడు, మామూలు కంటి పరీక్షలూ కళ్ళజోళ్ళూ ఇందులోకి రావని చట్టంలోనే రాసేశారు. (1987 నుంచి ఆప్టోమెట్రిస్టుల్ని మెడికేర్ వైద్యులుగా గుర్తించింది కానీ అది జబ్బుల విషయంలో.) ప్రైవేటు ఇన్సూరెన్సులూ అదే దారిన పోయాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1996లో హిపా చట్టం విజన్, డెంటల్ ప్లాన్లని మామూలు ఆరోగ్య బీమా నిబంధనల్లోంచి మినహాయించింది. 2010 ఒబామాకేర్ పిల్లల కళ్ళని తప్పనిసరి జాబితాలో చేర్చి పెద్దవాళ్ళ కళ్ళని వదిలేసింది. తల శరీరంలో భాగమే గానీ తలలో ఉన్న కళ్ళూ పళ్ళూ మాత్రం కావన్నట్టు. ఈ ఖాళీలోనే విజన్ ప్లాన్ల పరిశ్రమ మొత్తం పెరిగింది.

ఇప్పుడు గోడ సంగతి. డెబ్భైల్లో ఆ గోడకి మొదటి దెబ్బ వాషింగ్టన్ నుంచి తగిలింది. లీ బెన్‌హామ్ అనే ఆర్థికవేత్త 1972లో ప్రచురించిన పరిశోధనలో, ప్రకటనలని నిషేధించిన రాష్ట్రాల్లో కళ్ళజోళ్ళ ధరలు బాగా ఎక్కువని లెక్క తేల్చాడు. 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ నిషేధాలు చెల్లవంది, పరీక్ష అవగానే చీటీ రోగి చేతికి ఇచ్చి తీరాలంది. అప్పటిదాకా చాలామంది డాక్టర్లు చీటీ ఇచ్చేవారు కాదు మరి, అద్దాలు తమ దగ్గరే కొనాలని. ప్రకటనల భాగాన్ని 1980లో కోర్టు మళ్ళీ పరిశీలించమని వెనక్కి పంపినా చీటీ నియమం నిలిచింది. 1989లో కమిషన్ ఇంకో అడుగు వేసి, గొలుసు దుకాణాల మీద రాష్ట్రాలు పెట్టిన నిషేధాలని కొట్టేద్దామనుకుంది. 1990లో కోర్టు, రాష్ట్రాల చట్టాల జోలికెళ్ళే అధికారం నీకు లేదని ఆపేసింది. అలా గోడ సగం కూలి సగం నిలబడింది.

ఆ సగం గోడని దాటడానికి కంపెనీలు వేసిన ఎత్తు ఈ చరిత్ర మొత్తంలో నాకు భలే నచ్చిన భాగం. కాలిఫోర్నియాలో ఆప్టీషియను కంటి డాక్టర్ని ఉద్యోగిగా పెట్టుకోకూడదు, అతనితో ఆర్థిక సంబంధం ఉండకూడదు. కానీ 1975 నాటి నాక్స్ కీన్ చట్టం ప్రకారం లైసెన్సున్న హెల్త్ ప్లాను మాత్రం డాక్టర్లని పెట్టుకోవచ్చు. ఇంకేం, పియర్ల్ విజన్ వాళ్ళు ఒక అనుబంధ కంపెనీ పెట్టి దానికి విజన్ ప్లాను లైసెన్సు తీసుకున్నారు. పక్కపక్కనే కొట్టూ, డాక్టరూ. అడిగితే, ఆయన మా కొట్టు ఉద్యోగి కాదండీ, ప్లాను ఉద్యోగి అంటారు. మనం ఫైర్‌వాల్ తెరవమని సెక్యూరిటీ టీమ్‌ని బతిమాలకుండా ఇంకో పోర్టులోంచి టన్నెల్ వేసుకున్నట్టన్నమాట. రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేశాడు. 2006లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ప్లాను లైసెన్సు ఉన్నంత మాత్రాన గోడ చట్టం నుంచి మినహాయింపు రాదు పొమ్మంది. చివరికి 2015లో శాసనసభే, డాక్టరు వైద్య నిర్ణయాల్లో వేలు పెట్టకూడదన్న షరతుతో, కొట్టువాడు డాక్టరుకి చోటు అద్దెకివ్వచ్చని రాజీ చట్టం చేసింది.

ఇటు నుంచి కొట్టు ప్లానుగా మారుతుంటే, అటు నుంచి ప్లాను కొట్టుగా మారింది. ఐమెడ్ 1988లో లెన్స్‌క్రాఫ్టర్స్ గూటిలో పుట్టింది. 1995లో ఆ గూటిని ఇటలీ ఫ్రేముల కంపెనీ లక్సాటికా కొనేసింది. 1999లో రేబాన్, 2001లో సన్‌గ్లాస్ హట్, 2004లో పియర్ల్ విజన్, 2007లో ఓక్లీ. 2018లో అద్దాల దిగ్గజం ఎసిలార్‌తో కలిసిపోయింది. ఇప్పుడు ఫ్రేము వాళ్ళదే, అద్దం వాళ్ళదే, కొట్టు వాళ్ళదే, కొట్టులో ఎంత ఖర్చు పెట్టాలో చెప్పే ప్లానూ వాళ్ళదే. డాక్టర్ల సహకార సంఘంగా మొదలైన వీఎస్‌పీ తక్కువ తిన్లేదు. 2008లో మార్షాన్ అనే ఫ్రేముల కంపెనీని కొంది, 2019లో విజన్‌వర్క్స్ దుకాణాల గొలుసుని కొంది. ప్రజాహిత సంస్థగా దానికున్న పన్ను మినహాయింపుని ఐఆర్‌ఎస్ 2003 నుంచి రద్దు చేస్తే, పోరాడి 2008లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది.

ఈ మార్పులకి ముందే వీఎస్‌పీ కాంట్రాక్టు ఒకసారి కోర్టు మెట్లెక్కింది. దాని డాక్టర్లతో ఒక షరతు ఉండేది: వేరే ఏ ప్లానుకైనా మాకంటే తక్కువ రేటుకి చూస్తే, మాకూ ఆ తక్కువ రేటే ఇవ్వాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కొంచెం ఆలోచించండి. ఒక డాక్టరు దగ్గరికి నలభైమంది వీఎస్‌పీ రోగులొస్తారు. కొత్తగా వచ్చిన చిన్న ప్లాను ఒకటి, అయిదుగురు రోగుల్ని పంపుతాం, రేటు తగ్గించమంటుంది. ఆ అయిదుగురికి తగ్గిస్తే నలభైమందికీ తగ్గించాలి. ఏ డాక్టరైనా ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. కొత్త ప్లాను పుట్టకముందే చచ్చిపోతుంది. న్యాయశాఖ 1994 డిసెంబరులో యాంటీట్రస్ట్ దావా వేసి సరిగ్గా ఇదే వాదించింది, ఈ షరతు వల్ల డాక్టర్లు డిస్కౌంట్లు మానేశారని. 1996లో రాజీ తీర్పుతో ఆ షరతు పోయింది. ఇన్సూరెన్స్ కంపెనీలకి 1945 చట్టం ప్రకారం యాంటీట్రస్ట్ నుంచి కొంత రక్షణ ఉన్నా, ప్లానుకీ మందుల షాపులకీ మధ్య కాంట్రాక్టు "ఇన్సూరెన్స్ వ్యాపారం" కిందకి రాదని సుప్రీంకోర్టు 1979లో టెక్సస్ బ్లూ షీల్డ్ కేసులో చెప్పడం ఇలాంటి దావాలకి దారి తెరిచింది.

సరే, ఆ షరతు పోయింది. మిగిలినవి? మా ఊళ్ళో (డాలస్ శివార్లు) నేను వెళ్ళే డాక్టరు ఒకావిడ సొంత ప్రాక్టీసు నడుపుకుంటారు. ఒకసారి నా అద్దాలు మూడు వారాలైనా రాలేదు. అడిగితే, ఇక్కడికి అయిదు నిమిషాల దూరంలో మంచి ల్యాబుంది, నేనైతే అక్కడే చేయిస్తాను, కానీ మీ ప్లాను వాళ్ళు చెప్పిన ల్యాబుకే పంపాలి, అది వేరే రాష్ట్రంలో ఉంది అన్నారు. ప్లానులోంచి తప్పుకోవచ్చుగా అన్నాను తెలివిగా. తప్పుకుంటే సగం అపాయింట్‌మెంట్లు పోతాయన్నారు. మన భాషలో వెండర్ లాక్ ఇన్. కాకపోతే ఇక్కడ ఇరుక్కున్నది కస్టమరు కాదు, పని చేసిపెట్టేవాళ్ళు. తమ గల్లీ చివర దుకాణం నడిపే పోటీదారే తమకి ఎంతివ్వాలో నిర్ణయిస్తున్నాడన్నది ఇలాంటి డాక్టర్ల బాధ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదంటారు, ఇక్కడ వడ్డించేవాడూ బంతిలో కూర్చున్నాడు.

ఇంకో షరతు మరీ విచిత్రం. ప్లాను ఒక్క పైసా ఇవ్వని వస్తువు మీద కూడా, అంటే రెండో జత మీదో ప్రత్యేక కోటింగు మీదో, డాక్టరు ఇంత శాతం తగ్గించి అమ్మాలని ప్లాను నిర్దేశిస్తుంది. 2009, 10 ప్రాంతంలో పళ్ళ డాక్టర్లు దీని మీద రాష్ట్రాల్లో పోరాటం మొదలుపెట్టారు, కళ్ళ డాక్టర్లు వెనకే వచ్చారు. చాలా రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి. మా టెక్సస్ 2023లో ఇంకా గట్టి చట్టం చేసింది, డాక్టర్లకి గ్రేడులిచ్చి జనాన్ని కొందరివైపు మళ్ళించడం కుదరదని. వెంటనే వీఎస్‌పీ వైపు వాళ్ళు ఫెడరల్ కోర్టుకెళ్ళారు, సభ్యులకి ఏ డాక్టరు మేలో చెప్పడం మా వాక్ స్వాతంత్ర్యం అని. డెబ్భైల్లో ప్రకటనల స్వేచ్ఛ పేరుతో రోగి గెలిచిన హక్కునే ఇప్పుడు ప్లాను వాడుకుంటోంది.

కానీ ఈ ప్లాను ఇవ్వని వస్తువుల విషయంలో నేను డాక్టర్ల పక్షం పూర్తిగా వహించలేను. రెండో జత మీద నాకొచ్చే తగ్గింపు తీసేస్తే నష్టం నాకే కదా! చీటీ చేతికివ్వడానికి 1978 దాకా గవర్నమెంటు చెప్పాల్సొచ్చిన వృత్తి ఇది. డాక్టరు ధర పెంచడని నమ్మమంటే కష్టం. ల్యాబు సంగతి వేరు. అక్కడ పోయేది నా టైమూ నా అద్దాల నాణ్యతా, మిగిలేది ప్లాను అన్నదమ్ముల కంపెనీకి. ప్లాను సొంత దుకాణం పేరు పైన పెట్టి చూపించేటప్పుడు "ఇది మాదే" అని రాయకపోవడం ఇంకా వేరు. ఈ మూడిటినీ ఒకే గాటన కట్టి బిల్లులు రాస్తున్నారు. నన్నడిగితే విడదీయాలి.

ఇంతకీ మనలో చాలామందికి తెలియని కిటుకు ఇక్కడుంది. రాష్ట్రం ఎంత మంచి చట్టం చేసినా, మీ కంపెనీ ప్లాను సెల్ఫ్ ఫండెడ్ అయితే, అంటే ప్లాను కంపెనీ పేరుకి కాగితాలు మాత్రం చూసుకుంటూ డబ్బు మీ కంపెనీయే భరిస్తుంటే, 1974 నాటి ఎరిసా చట్టం ప్రకారం దాని మీద రాష్ట్ర ఇన్సూరెన్స్ చట్టాలు పనిచెయ్యవు. అందుకే డాక్టర్ల సంఘాలు కాంగ్రెసు చుట్టూ తిరుగుతున్నాయి. డాక్ యాక్సెస్ బిల్లు అని 2015లో ఒకసారి, ఆ తర్వాతి కాంగ్రెసుల్లోనూ పెట్టారు: ప్లాను ఇవ్వని వస్తువుల ధర నిర్ణయించకూడదు, ల్యాబు ఎంపిక డాక్టరుది, కాంట్రాక్టు రెండేళ్ళకి మించకూడదు. పెట్టిన ప్రతిసారీ పెట్టినచోటే ఉండిపోతోంది. ఈసారి హెచ్ఆర్ వాళ్ళ వెబినార్‌లో హెచ్ఎస్ఏ ప్రశ్నలయ్యాక ఒక్కసారి అడిగి చూడండి, మన విజన్ ప్లాను సెల్ఫ్ ఫండెడా కాదా అని. మా ఆఫీసులో నేనడిగితే రెండు వారాలకి జవాబొచ్చింది.

ఆలోగా మన చేతిలో పూర్తిగా ఉన్నది ఆ చీటీ ఒక్కటే. 2024లో కమిషన్ ఆ నియమాన్ని ఇంకా బిగించింది. అడగకపోయినా పరీక్ష అవగానే ఇవ్వాలి, ముట్టినట్టు మన సంతకం తీసుకోవాలి. అయితే రెండు కంటిపాపల మధ్య దూరం, వాళ్ళు పీడీ అనే అంకె, అందులో రాయాలన్న ఫెడరల్ నియమం మాత్రం లేదు. ఆన్‌లైన్లో అద్దాలు తెప్పించుకోవాలన్నా, సంక్రాంతికి వెళ్ళినప్పుడు హైదరాబాదులో రెండు జతలు చేయించుకుందామనుకునేవాళ్ళు ముందే ఆర్డరిచ్చి ఉంచాలన్నా ఆ అంకె కావాలి. కొందరు ఊరికే రాసిస్తారు, కొందరు డబ్బులడుగుతారు. కుర్చీ దిగకముందే అడిగేయండి.